సముద్రం మీద మత్తుపదార్థాల పడవను పట్టుకుంటే కేసును నిలబెట్టడం ఎలా?

మెరైన్ స్టేషన్‌కు కొత్తగా వచ్చిన ఎస్సైకి సముద్రం మీది కేసులో పడవను తరిమి పట్టుకోవడం కన్నా రాతకోతలే ఎక్కువ కష్టపెడతాయి. అందుచేత ఒడ్డు వదలకముందే పని మొదలుపెట్టాలి. సరుకుతో పడవ వస్తోందని ఫోనులో సమాచారం అందితే, మత్తుపదార్థాల నిరోధక చట్టమైన ఎన్‌డీపీఎస్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం దానిని వెంటనే కాగితం మీద పెట్టి, 72 గంటల్లోగా పై అధికారికి నకలు పంపాలి. వేటపడవ ప్రజా రవాణా వాహనం కాదు గనుక, బహిరంగ స్థలాల్లో సోదాకు సంబంధించిన 43వ సెక్షన్‌ను నమ్ముకోవడం కన్నా 42ను పాటించడమే క్షేమం. రాత్రివేళ వారంటు లేకుండా సోదా చేయవలసి వస్తే, వారంటు తెచ్చేలోగా సరుకు మాయమవుతుందని ఎందుకు నమ్మారో ఆ కారణాలు కూడా రాయాలి. అత్యవసరంలో రాత ఆలస్యమైనా తగిన వివరణ ఉంటే చెల్లుతుందనీ, అసలే రాయకపోతే చెల్లదనీ 2009లో కర్నైల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

తరువాతి చిక్కు హద్దులది. తీరరేఖ నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు మన ప్రాదేశిక జలాలు. అది దాటితే మెరైన్ పోలీసుల పడవలకు శక్తీ చాలదు, అధికారం మీద ప్రశ్నలూ లేస్తాయి, కనుక కోస్ట్ గార్డ్‌ను పిలవాలి. మన దేశంలో నమోదైన నౌక ఎక్కడున్నా అందులోని వారికి ఎన్‌డీపీఎస్ చట్టం వర్తిస్తుంది. అంతర్జాతీయ జలాల్లో విదేశీ జెండా ఉన్న నౌకనైతే, మత్తుపదార్థాల అక్రమ రవాణాపై కుదిరిన 1988 వియన్నా ఒప్పందం 17వ అధికరణం ప్రకారం ఆ దేశం అనుమతితోనే ఎక్కాలి. కాబట్టి పడవ కంటపడిన క్షణం నుంచి అక్షాంశ రేఖాంశాలను, సమయాన్ని నోట్ చేసుకుంటూ పోవాలి. ఈ ఒక్క అలవాటు లేక, పట్టుకున్న చోటు ఎవరి పరిధిలోదన్న వాదనకే విచారణలో ఎంతో కాలం పోతుంది.

పోలీసు పడవ కనబడగానే సరంగు (పడవ నడిపేవాడు) చేసే మొదటి పని, బరువు కట్టిన మూటలను నీళ్లలోకి వదిలేయడం. సరుకు దొరకని పడవ మామూలు వేటపడవే. అందుకే దూరం నుంచే వీడియో తీయడం మొదలుపెట్టి, మూట పడిన చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోవాలి. నడిసంద్రంలో సోదాకు సాక్షులుగా ఉండే మధ్యవర్తులు దొరకరు కనుక వీలైతే ఒడ్డు నుంచే ఇద్దరిని వెంట తీసుకెళ్లాలి. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట తనిఖీ కోరే హక్కును ఇచ్చే 50వ సెక్షన్, ఒంటి మీద తనిఖీ చేస్తేనే వర్తిస్తుంది. సంచికీ పడవకూ అది అక్కర్లేదని 2005లో పవన్ కుమార్ కేసులో తీర్పు వచ్చింది. అయినా ఒక గెజిటెడ్ అధికారిని వెంట ఉంచుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

పడవలోని జీపీఎస్ పరికరాన్నీ, శాటిలైట్ ఫోనునూ అక్కడికక్కడే నొక్కి చూడాలన్న ఆత్రం ఆపుకోవాలి. సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపితే, పడవ ఎక్కడి నుంచి వచ్చిందో అవే చెప్పవచ్చు. పోలీసుల ముందు ఒప్పుకోలు ఎటూ చెల్లదు. ఎన్‌సీబీ (కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ) వంటి సంస్థల అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలూ చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ తీర్పు చెప్పింది.

చేతులు మారే కొద్దీ కేసు బలహీనపడుతుంది. 2024 నవంబరులో అండమాన్‌లోని బారెన్ దీవి సమీపాన మయన్మార్ పడవలో కోస్ట్ గార్డ్ ఐదున్నర టన్నులకు పైగా మెథాంఫెటమిన్ అనే మత్తుమందును పట్టుకుంది. అంత సరుకు నడిసంద్రం నుంచి ఒడ్డుకు చేరేలోగా ఏ మూట ఎవరి చేతుల్లో ఉందో సంతకాలతో సహా నమోదు కావాలి. తడిసిన గంజాయి ఆరితే తూకం తగ్గుతుంది, డిఫెన్సు లాయరు ముందుగా పట్టుకునేది ఆ తేడానే. అందుచేత తడిగా ఉందన్న మాటను తూకం పక్కనే రాయాలి. 57వ సెక్షన్ కింద 48 గంటల్లో పై అధికారికి నివేదిక వెళ్లాలి. నమూనాలను 52ఏ ప్రకారం మేజిస్ట్రేట్ సమక్షంలో తీయాలి. 2022 నిబంధనల ప్రకారం గంజాయి, చరస్, నల్లమందు అయితే 24 గ్రాములు, మిగతావి 5 గ్రాములు చొప్పున, జంటగా.

కంటైనర్లలో వచ్చే సరుకుకు వేరే ఓర్పు కావాలి. 2021లో గుజరాత్‌లోని ముంద్రా రేవులో టాల్క్ పేరుతో వచ్చిన దాదాపు 3,000 కిలోల హెరాయిన్‌ను డీఆర్ఐ (కేంద్ర రెవెన్యూ ఇంటెలిజెన్స్ సంస్థ) పట్టుకుంది. దిగుమతిదారుగా ఉన్న సంస్థ చిరునామా విజయవాడది. అటువంటి కేసులో పడవలకు బదులు ఇన్వాయిసులనూ బ్యాంకు ఖాతాలనూ వెంబడించాలి.

పట్టుబడిన సిబ్బంది విదేశీయులైతే, వారి భాష తెలిసిన అనువాదకుణ్ని ముందే చూసుకోవాలి, అరెస్టు కారణాలను వారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, వారు కోరితే వారి దేశ కాన్సులేట్‌కు తెలియజేయాలి. మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచడానికి ఉన్న 24 గంటల్లో ప్రయాణకాలం కలవదు కాబట్టి, ఒడ్డుకు బయలుదేరిన సమయాన్నీ చేరిన సమయాన్నీ పడవ లాగ్‌బుక్కులో తప్పక రాయించాలి.