వెలుతురు కొలుద్దాం – 3వ పాఠం: లక్స్ మీటర్ చేతికొచ్చాక

గత రెండు పాఠాల్లో ల్యూమెన్, క్యాండెలా చూశాం. దీపం నుంచి అన్ని వైపులా కలిపి బయటికొచ్చే మొత్తం వెలుతురుని ల్యూమెన్లలో చెబుతాం. అందులో ఒక దిక్కుకి ఎంత జోరుగా పోతోందో క్యాండెలాల్లో చెబుతాం. రెండూ దీపం లెక్కలే. ఈ పాఠంలో వెలుతురు పడే చోటుకి వస్తున్నాం. ఒక చదరపు మీటరు మేర ఒక ల్యూమెన్ సమానంగా పరుచుకుంటే అక్కడ ఒక లక్స్ ఉన్నట్టు.

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల అద్దె గదులు చాలామంది చూసే ఉంటారు. బాలాజీ కాలనీ వైపు వీధివీధికీ ఉంటాయి. సీలింగుకి ఒక బల్బు, గోడవారగా బల్ల. రాత్రి పది దాటాక అక్షరాలు అలుక్కుపోతున్నాయని, కళ్ళు లాగేస్తున్నాయని అంటారు. వెంటనే ఇంకా పెద్ద బల్బు కొనుక్కొస్తారు. బల్ల మీద ఎంత వెలుతురు పడుతోందో మాత్రం ఎవరూ చూడరు. నాకు బాధనిపించేది అక్కడే.

లెక్క వేసి చూద్దాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద 900 ల్యూమెన్లు అని ఉందనుకోండి. అది అన్ని వైపులా సమానంగా వెలుగుతోందని అనుకుంటే, చుట్టూ ఉన్న దిక్కులన్నీ కలిపిన కోణం 4π కాబట్టి 900ని దానితో, అంటే 12.57 తో భాగించాలి. సుమారు 72 క్యాండెలాలు వస్తాయి. దీన్ని దూరం వర్గంతో భాగిస్తే లక్స్. బల్బు బల్లకి సరిగ్గా పైన 2 మీటర్ల ఎత్తులో ఉంటే 72ని 4తో భాగిస్తాం: 18 లక్స్. అదే బల్బుని టేబుల్ ల్యాంపులో పెట్టి అర మీటరుకి దించండి. ఇప్పుడు భాగించేది 0.25తో: 288 లక్స్. బల్బు అదే, కరెంటు బిల్లు అదే, పుస్తకం మీద వెలుతురు మాత్రం 16 రెట్లు. చదువుకి 300 నుంచి 500 లక్స్ ఉండాలని సాధారణంగా చెబుతారు. కాబట్టి పెద్ద బల్బు కన్నా ముందు టేబుల్ ల్యాంపు కొనమనే నా సలహా.

నిజం గదిలో వెలుతురు కొలిచే లక్స్ మీటరు 18 కన్నా ఎక్కువే చూపిస్తుంది. ఎల్‌ఈడీ బల్బు వెనక్కి తక్కువ, ముందుకి ఎక్కువ వెలుగుతుంది. తెల్ల సున్నం కొట్టిన గోడలు, సీలింగు కూడా కొంత వెలుతురుని బల్ల మీదికి తిప్పి పంపుతాయి. ఇంకో సంగతి: ఈ వర్గం లెక్క చిన్న దీపాలకే సరిపోతుంది. దీపం పొడవుకి కనీసం అయిదు రెట్ల దూరంలో ఉంటేనే దీన్ని నమ్మాలి. నాలుగడుగుల ట్యూబ్‌లైటుకైతే అది 6 మీటర్లు. అద్దె గదిలో అంత దూరం ఎక్కడిది? అక్కడ మీటరుతో కొలవాల్సిందే.

ఇక మీటరు. చేతిలో పట్టుకునే చిన్న పెట్టె, దానికి వైరుతో కలిపిన సెన్సరు, సెన్సరు మీద పాలరంగు గుండ్రటి మూత. లోపలుండేది సిలికాన్ ఫోటోడయోడ్. దాని మీద పడే వెలుతురు ఎంత పెరిగితే అందులోంచి వచ్చే కరెంటు అంత పెరుగుతుంది. చిక్కేమిటంటే, మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కూడా సిలికాన్‌కి కనిపిస్తుంది. మన కన్ను మాత్రం పగటి వెలుతురులో 555 నానోమీటర్ల దగ్గర, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగుకి, అన్నిటికన్నా బాగా స్పందిస్తుంది. ఎర్రకీ నీలానికీ ఆ స్పందన బాగా తగ్గిపోతుంది. కంటి ఈ తీరుని అంతర్జాతీయ కాంతి కమిషన్ 1924లో ఒక ప్రామాణిక వక్రరేఖగా ఖాయం చేసింది. డయోడ్ ముందు పెట్టే ఫిల్టరు దాన్ని ఆ రేఖకి దగ్గరగా తెస్తుంది. చవక మీటరుకీ ఖరీదైనదానికీ తేడా ఎక్కువగా ఈ ఫిల్టరు దగ్గరే వస్తుంది.

పాలరంగు మూత పని ఏటవాలు వెలుతురుని సరిగ్గా లెక్కలోకి తేవడం. వెలుతురు వాలుగా పడితే అదే కాస్త ఎక్కువ మేర పరుచుకుని పలచబడుతుంది. నిట్టనిలువు నుంచి 60 డిగ్రీలు వాలితే సగమైపోతుంది. దీన్ని మన ఎండలోనే చూడొచ్చు. తిరుపతి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు. అందుకే ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. డిసెంబరు 21న అదే మధ్యాహ్నం 37 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉంటాడు. వాలిన కోణం కొసైన్ ఎంతో, వెలుతురు అంత వంతే మిగులుతుంది; 37 డిగ్రీల కొసైన్ 0.8. మబ్బు, దుమ్ము సంగతి పక్కనపెట్టినా, కేవలం ఆ వాలు వల్లే డాబా మీద పడే నేరుటెండ అయిదో వంతు తగ్గుతుంది.

కొలిచేముందు వెలుతురు అసలు పడకుండా సెన్సరుని పూర్తిగా కప్పి, అంకె సున్నాకి వస్తోందో లేదో చూసుకోండి. సెన్సరుని పుస్తకం ఉండే చోటే బల్ల మీద పడుకోబెట్టాలి, చేత్తో గాల్లో పట్టుకోకూడదు. పుస్తకం స్టాండు మీద వాలుగా ఉంటే సెన్సరునీ అంతే వాల్చండి. అంకె చదవడానికి మీదికి వంగితే మీ తల నీడే దాని మీద పడి అంకె జారిపోతుంది. వైరు ఎంత సాగితే అంత దూరం జరిగి చదవండి. ఆ తర్వాత కావాలనే కుర్చీలో కూర్చుని, మామూలుగా రాసేటప్పటిలా వంగి, మళ్ళీ చూడండి. బల్బు మీ వెనక ఉంటే ఈ రెండు అంకెలకీ పొంతనే ఉండదు. చదివే పిల్లవాడి కంటికి అందేది ఆ రెండో అంకె.

ఫోన్ యాప్ సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఒకే ఫోన్‌తో ఈ మూలకీ ఆ మూలకీ తేడా చూడటానికి పనికొస్తుంది. కానీ దాని సెన్సరు మీద పాలరంగు మూత ఉండదు, రెండు ఫోన్లు ఒకే అంకె చూపవు. ఎవరికైనా రాసిచ్చే లెక్క దాంతో చేయొద్దు.

లక్స్ మీటరుకి రంగు తెలియదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు బట్టని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎరుపు ఎలా వచ్చిందో చూసుకుంటారు. ట్యూబ్‌లైటు కింద 500 లక్స్, కిటికీ దగ్గర 500 లక్స్ ఉన్నా ఆ ఎరుపు ఒకేలా కనిపించకపోవచ్చు. వెలుతురులో ఏ రంగు ఎంత ఉందో విడదీసి చూపడానికి స్పెక్ట్రోరేడియోమీటర్ కావాలి. 4వ పాఠం దాని మీదే.

ఈలోపు ఒక పని చేయండి. రాత్రి కిటికీ మూసి, దీపం వేసి పది నిమిషాలు ఆగి, బల్ల నాలుగు మూలల్లో, మధ్యలో కొలవండి. ముందు సీలింగు బల్బుతో, తర్వాత టేబుల్ ల్యాంపుతో. ప్రతి అంకె పక్కన దీపం ఎంత ఎత్తులో ఉందో, మీరు కుర్చీలో ఉన్నారో లేదో రాయండి. ల్యాంపు అర మీటరు నుంచి మీటరుకి లేపితే మధ్యలో అంకె నాలుగో వంతుకి దగ్గరగా రావాలి. అలా రాకుండా ఎక్కువే మిగిలితే, ఆ మిగులు ఏ గోడ నుంచి వస్తోందో నల్లగుడ్డ అడ్డుపెట్టి కనిపెట్టండి.