కత్తుల సేకరణ – మూడో పాఠం: కంటికి కనపడని కాల్పు

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను. ఏదీ కొనకుండా, ఇంట్లో ఉన్న కత్తులన్నీ పాత తువ్వాలు మీద పరచి, ఒక్కొక్కదానితో ఒక టమాటా కోసి చూడమన్నాను. మా ఇంట్లో ఏమైందో చెబుతాను. తళతళలాడే స్టెయిన్‌లెస్ కత్తి టమాటా తొక్క మీద జారిపోయింది. నాయనమ్మ కాలం నాటి నల్లని కత్తిపీట మాత్రం టమాటాతో ఆగక, పక్కనున్న గుమ్మడికాయను కూడా చీల్చింది. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా చేత్తో చేసిన కత్తికి డబ్బు పెట్టడం, సంచి మీద బొమ్మ చూసి విత్తనాలు కొనడం లాంటిది.

కత్తి అమ్మేవాళ్లు ముందు ఉక్కు పేరు చెబుతారు. ఆ పేరు అవసరమే కానీ అది సగం సంగతి. మిగతా సగం కాల్పు, అంటే తయారైన కత్తిని ఎర్రగా కాల్చి, ముంచి గట్టిపరచి, ఆపైన పెళుసు తీసే పని. ఉక్కులో కర్బనం ఎంత ఉందన్నది మొదటి మెట్టు. కిటికీ ఊచల్లాంటి మెత్తని ఇనుములో అది సుమారు 0.2 శాతం. లారీ కమాను పట్టీలో 0.6 శాతం దరిదాపుల్లో ఉంటుంది, మంచి ఆకురాయిలో (లోహాన్ని అరగదీసే గరుకు ఉక్కు పనిముట్టు) 1 శాతం దాటుతుంది. ఊచను ఎంత కాల్చి నీళ్లలో ముంచినా పదును నిలిపేంత గట్టిపడదు. కమాను పట్టీ గట్టిపడుతుంది. అందుకే మన పల్లెల్లో మంచి కొడవళ్లు, కొబ్బరి కత్తులు చాలావరకు పాత కమాను పట్టీల్లోంచే పుడతాయి. అయితే ఒకే పట్టీని రెండుగా నరికి, ఒకదాన్ని సరిగ్గా కాల్చి, రెండోదాన్ని ఉత్తగా సాగగొట్టి వదిలేస్తే, పైకి కవలల్లా కనిపించే రెండు కత్తులు తయారవుతాయి. ఒకటి పదేళ్లు పనిచేస్తుంది. రెండోది మొదటి చెరకు గడకే అంచు మడత పెడుతుంది. ఈ పాఠంలోని పరీక్షలన్నీ ఆ రెండింటినీ వేరు చేయడానికే.

విజయనగరం నుంచి గజపతినగరం వెళ్లే దారిలో రోడ్డు పక్కన ఒక కొలిమి ఉంది. తోలు తిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది కానీ దాగలి, సమ్మెట పాతవే. అక్కడి తాత కత్తికి పదును ఎలా పట్టిస్తాడో చూడటానికి మూడు ఆదివారాలు వెళ్లి కూర్చున్నాను. మొదటి రెండు వారాలూ ఆయన నన్ను పట్టించుకోలేదు. మూడో వారం, ‘ఇటు రా బాబూ, ఎండలో కాదు, నీడలో నిలబడి చూడు’ అన్నాడు. ఎండలో ఇనుము రంగు తెలియదట.

అలుగు, అంటే పిడి కాకుండా మిగిలిన కత్తి భాగం, నారింజ రంగు ఎరుపుకు వచ్చాక పట్టకారుతో తీసి, అంచువైపు రెండు వేళ్ల మందం మాత్రమే నీళ్లలో దించాడు. చుయ్యిమంది. వీపు, అంటే పదును లేని మందపు వైపు, ఇంకా ఎర్రగానే ఉంది. వెంటనే బయటికి తీసి ఇటుక ముక్కతో అంచు దగ్గర గబగబా రుద్దాడు. నల్లని పొలుసు రాలి తెల్లని లోహం బయటపడింది. ‘ఇప్పుడు చూడు’ అన్నాడు. వీపులో మిగిలిన వేడి మెల్లగా కిందికి దిగుతుంటే, తెల్లని చోట ఎండుగడ్డి రంగు పాకింది. దాని వెనకే గోధుమ రంగు, ఆపైన వంగపండు రంగు, చివర నీలం. గడ్డి రంగు సరిగ్గా అంచును తాకగానే మొత్తం కత్తిని నీళ్లలో వేసేశాడు. కొబ్బరికాయలు కొట్టే కత్తికైతే వంగపండు రంగు వచ్చేదాకా ఆగుతాడట. అంచు కాస్త మెత్తబడినా దెబ్బకు పెచ్చు ఊడదు.

జరిగింది ఇది. మొదటి ముంపుతో అంచు గాజులా గట్టిపడింది, గాజులాగే పెళుసయింది. తర్వాత పాకిన వేడి ఆ పెళుసుతనాన్ని కొంత తీసేసింది. గడ్డి రంగు అంటే సుమారు 220 డిగ్రీల సెల్సియస్, నీలం అంటే 300 దరిదాపులు. పట్నాల్లో కొత్తతరం కత్తుల తయారీదార్లు ఇదే పని విద్యుత్ కొలిమిలో, నూనె తొట్టిలో, కొలతలు చూసుకుంటూ చేస్తారు. తాత కళ్లతో చేస్తాడు. ఎవరి దగ్గర కొన్నా, ‘దీన్ని ఎలా కాల్చారు, తర్వాత పెళుసు ఎలా తీశారు’ అని అడగండి. చేసినవాడికి ఆ ప్రశ్న ఇష్టం, అరగంట చెబుతాడు. తెచ్చి అమ్మేవాడు మాట మార్చి పిడి మీద చెక్కుడు చూపిస్తాడు.

ఇక పరీక్షలు. అమ్మేవాడు కాగితం కోసి చూపిస్తే, ముంజేతి వెంట్రుకలు గొరిగి చూపిస్తే మురిసిపోవద్దు. సాన మీద పెడితే కిటికీ ఊచ కూడా ఒక పూట వెంట్రుకలు గొరుగుతుంది. అట్టపెట్టెను ఇరవై పేలికలుగా కోసి, ఆ తర్వాత కాగితం కోయమనండి.

రెండోది ఆకురాయి. అనుమతి అడిగి, పిడికి దగ్గర అంచు మొదలయ్యే మూలలో, కనపడనిచోట దానితో మెల్లగా ఒక్కసారి రుద్దండి. ఆకురాయి జారితే, లేదా కష్టంగా కొద్దిగా పట్టుకుంటే అంచు గట్టిది. వెన్నలో దిగినట్టు దిగి పొడి రాలితే మెత్తది. కొలిమి తాత మాటల్లో, ‘ఆకురాయి జారితే ఉక్కు, కరిస్తే ఇనుము.’ చాలామంది జేబులో అయస్కాంతం పెట్టుకుని వస్తారు. అది కత్తికి అంటుకున్నంత మాత్రాన మీకు తెలిసేది ఏమీ లేదు. మెత్తని ఇనుముకూ అంటుతుంది, కత్తులకు వాడే స్టెయిన్‌లెస్‌లో ఎక్కువ రకాలకూ అంటుతుంది.

మూడోది నాకు ఇష్టమైనది. మా ఇంట్లో శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసిన ఇత్తడి గరిటె ఒకటుంది, కాడ గుండ్రంగా ఉంటుంది. కత్తి అంచును ఆ కాడ మీద ఏటవాలుగా ఆనించి, కాస్త ఒత్తి, వెలుతురుకు ఎదురుగా చూస్తే అంచు సన్నగా వంగడం కనిపిస్తుంది. ఒత్తిడి తీయగానే తిరిగి నిటారైతే కాల్పు కుదిరింది. వంగి అలాగే ఉండిపోతే మెత్తది, పెచ్చు ఊడితే మరీ పెళుసు. సన్నని అంచున్న కత్తులకే ఇది పనికొస్తుంది. కొబ్బరి కత్తి మీద చేస్తే గరిటె కాడకు గాటు పడుతుంది, ఇంట్లో తిట్లూ పడతాయి.

సైకిలు మీద సానచక్రం తెచ్చేవాళ్లు వీధిలోకి వస్తే వదలకండి. మెత్తని ఇనుము చక్రానికి తగిలితే నిప్పురవ్వలు పొడుగ్గా, తిన్నగా ఎగురుతాయి. కర్బనం ఉన్న ఉక్కు రవ్వలు కొసన చిట్లి కాకరపువ్వొత్తుల్లా పూస్తాయి. ఇది ఉక్కు రకం చెబుతుంది కానీ కాల్పు సంగతి చెప్పదు.

అమెరికాలో కత్తులు చేసే కమ్మరుల సంఘం ఒకటుంది, 1976లో పెట్టుకున్నారు. అందులో మొదటి హోదాకే పరీక్ష ఇలా ఉంటుంది. వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుతో తెంచాలి. సుమారు రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పున్న కర్రను రెండుసార్లు పూర్తిగా నరకాలి. అప్పటికీ అంచు వెంట్రుకలు గొరగాలి. చివర అదే కత్తిని బిగింపులో పెట్టి 90 డిగ్రీలు వంచితే రెండు ముక్కలు కాకూడదు. అంచు గట్టిగా, ఒళ్లు సాగేలా ఉండాలన్నమాట. తాత రెండు వేళ్ల మందమే ముంచింది కూడా ఇందుకే.

నేను మోసపోయిన కథ ఇక్కడ చెప్పాలి. అలల అలల గీతలున్న ‘డమాస్కస్’ కత్తిని ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకున్నాను. నెలకే తుప్పు చుక్క పడితే సన్నని ఎమెరీ కాగితంతో రుద్దాను. తుప్పుతోపాటు అలలూ పోయాయి, అడుగున సాదా ఇనుము నవ్వింది. రెండు రకాల ఉక్కును పొరలుగా అతికించి చేసినదైతే ఆ గీతలు కత్తి వీపు మీదుగా ఒక పక్కనుంచి రెండో పక్కకు సాగుతాయి. రుద్దితే మసకబారినా, ఆమ్లం పూస్తే తిరిగి తేలతాయి. కాబట్టి ఇలాంటి కత్తికి ముందు వీపు ఫోటో అడగండి. పాతకాలపు డమాస్కస్ కత్తుల్లో పేరుపడ్డవి దక్షిణాది మూస ఉక్కుతో, అంటే మూసివేసిన మట్టి పాత్రలో కరిగించి చేసిన ఉక్కుతో, చేసినవి. తెలంగాణలోని కోనసముద్రం ఆ ఉక్కుకు ప్రసిద్ధి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది దాదాపు అంతా పొరల ఉక్కే. అది తప్పు కాదు, తెలిసి కొనాలంతే.

పిడి గురించి రెండు మాటలు చాలు. పిడిలోపలికి దిగే ఇనుప భాగాన్ని ఈ పాఠాల్లో తోక అందాం. తోక పిడి చివరిదాకా ఉందా, మధ్యలో ఆగిందా అడగండి. అలుగుకూ పిడికీ మధ్య గోరు దూరే సందు ఉంటే నీళ్లు చేరి లోపల తుప్పు పడుతుంది. మన పల్లె కత్తులకు తోకను ఎర్రగా కాల్చి కర్రలోకి దించి, పైన పొన్ను అనే లోహపు కట్టు బిగిస్తారు. అది లోపం కాదు, పద్ధతి. కొమ్ము పిడి కావాలంటే పాతపట్నం దాటితే ఒడిశాలో వచ్చే పర్లాకిమిడిలో కొమ్ము పనివాళ్లున్నారు. అది గేదె, ఎద్దు కొమ్మైతేనే తీసుకోండి. దుప్పి కొమ్ము, ఏనుగు దంతం కొనడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 9 అంగుళాల కంటే పొడవైన, లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగున్న కత్తులను ఆయుధాల నిబంధనలు ఆయుధాల్లో చేర్చాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఉంది. అందుకే కొత్తవాళ్లకు నా సలహా, బాకుల జోలికి పోకుండా పనిముట్లతో మొదలుపెట్టండి. ఉద్దానం కొబ్బరి కత్తి, గీత కార్మికుల కత్తి, చేపలు కోసే కత్తిపీట, పళ్ల కొడవలి చాలు, ఒక అలమర నిండుతుంది. ప్రతిదానికీ ఒక చీటీ కట్టి ఎవరు చేశారు, ఏ ఊరు, ఏ ఏడు, దేనితో, ఎంతకు అని రాయండి.

వచ్చే పాఠం తుప్పు, నూనె, ఒర గురించి. ఈలోగా మీకు పని. దగ్గరలో ఉన్న కొలిమికి వెళ్లి, ఒకే కమాను పట్టీ ముక్కతో రెండు చిన్న కత్తులు చేయించుకోండి. ఒకదాన్ని కాల్చి పదును పట్టించమనండి, రెండోదాన్ని అలాగే వదిలేయమనండి. కమ్మరి మిమ్మల్ని వింతగా చూస్తాడు, పర్వాలేదు, రెండింటికీ పూర్తి కూలి ఇవ్వండి. ఒకే సాన మీద రెండూ నూరి, నెల రోజులు వంటింట్లో మార్చి మార్చి వాడండి. ఏది ఏదో మరిచిపోకుండా పిడి అడుగున మేకుతో గీత పెట్టుకోండి: కాల్చినదానికి రెండు, కాల్చనిదానికి ఒకటి.