కృతజ్ఞత పుస్తకం రాయడం ఎలా?

గీతలున్న నోటుబుక్కు, పెన్ను ఉంటే చాలు. ఫోన్‌లో యాప్‌లు వద్దు, రాత్రిపూట ఫోన్ చేతికొస్తే వాట్సాప్ తెరవకుండా ఎవరూ ఉండరు. అన్నం తిన్నాక, పడుకునే ముందు కూర్చుని ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు రాయండి. ఇంతవరకు అందరూ బాగానే చేస్తారు.

చెడగొట్టేది రాసే తీరే. "దేవుడు ఆరోగ్యమిచ్చాడు, పిల్లలు బాగున్నారు, ఇల్లుంది" అని మొదటిరోజు రాస్తారు. రెండోరోజూ అదే. వారం తిరిగేసరికి చెయ్యి రాస్తుంటుంది, మనసు సీరియల్ మీద ఉంటుంది. ఆ తర్వాత "మాకేం పని చేయలేదు" అంటారు. అలా రాస్తే ఎవరికీ పని చేయదు.

మనిషి, చేసిన పని, దాని వెనుక కారణం, ఈ మూడూ ఉండాలి. "దేవరకొండ బస్సులో సీటు దొరికింది" అని ఆపకండి. "నేను మోకాలు పట్టుకుని నిలబడితే ఒక కాలేజీ పిల్ల చూసి లేచింది. నేను అడగలేదు, తనే గమనించింది" అని రాయండి. ఎందుకు జరిగిందో వెతుకుతున్నప్పుడే మనసు ఆ క్షణంలోకి మళ్లీ వెళ్తుంది. 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం పరీక్షించిన పద్ధతిలోనూ మంచి సంగతితో పాటు కారణం రాయమన్నారు. ఒక్క వారం రాసినవాళ్లలో కూడా సంతోషం పెరగడం, దిగులు తగ్గడం ఆరు నెలల దాకా కనిపించింది.

ఇంకా పెద్ద జాగ్రత్త ఒకటుంది. బాధను కృతజ్ఞతతో కప్పెట్టకండి. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనిషితో "ఉన్నదానితో తృప్తిపడు" అనడం క్రూరత్వం. నల్లగొండ జనం ఏళ్ల తరబడి కొట్లాడబట్టే కృష్ణా నీళ్ల మాట ముందుకొచ్చింది. కోపం వస్తే అదీ ఆ పేజీలోనే రాయండి. దాని కిందనే, బిందె మోసిపెట్టిన పక్కింటి కోడలి గురించీ రాయండి. రెండూ నిజమే కదా. ఇంట్లో కొడుతున్న మనిషి గురించి మాత్రం "పోనీలే, తిండి పెడుతున్నాడు" అని రాసుకోవద్దమ్మా. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి.

ఒంటికి ఏం మేలంటారా? ఎమన్స్, మెక్‌కలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో వారానికోసారి రాసిన విద్యార్థులు ఒంటి నలతలు తక్కువ చెప్పారు, వ్యాయామం ఎక్కువ చేశారు. అదే అధ్యయనంలో నరాలు, కండరాల జబ్బున్నవాళ్లు రోజూ రాస్తే నిద్ర మెరుగైంది. పడుకోగానే అప్పులు, టెన్షన్లు తిరిగే తలలోకి వేరే ఆలోచన వస్తే కన్ను తొందరగా మూతపడుతుంది. అంతేగానీ బీపీ, షుగర్ మాత్రలు మానేయకండి.

మొదటి వారం రోజూ రాయండి, ఆ తర్వాత ఆదివారం ఆదివారం చాలు. రోజూ రాయాల్సిందేనని పట్టుబట్టేవాళ్ల మాట వినకండి. మనస్తత్వ శాస్త్రవేత్త సోన్యా ల్యుబొమిర్‌స్కీ పరిశోధనలో వారానికి మూడుసార్లు రాసినవాళ్ల కంటే ఒకసారి రాసినవాళ్లకే మేలు కనిపించింది.

నెలకొకసారి, పుస్తకంలో ఉన్న ఒక మనిషికి ఆ మాట చెప్పండి. మన ఇళ్లల్లో థాంక్స్ అనడానికి మొహమాటం, ఆ మాట అక్కర్లేదు కూడా. "వదినా, ఆ రాత్రి నువ్వు దవాఖానకు రాకపోతే నాకు ధైర్యం ఉండేది కాదు" అంటే చాలు. ముంబైకి పనికిపోయిన పాలమూరు తమ్ముడికైతే ఫోన్ చేసి చెప్పండి. పువ్వుల బొమ్మ మాత్రం పంపకండి, గొంతు వినిపించాలి.