లగ్గం వీడియోను బ్రౌజర్ నుంచే పంపడం ఎలా

హన్మకొండలో స్టూడియోవాళ్లు ఇచ్చిన లగ్గం వీడియో 6 జీబీ ఉందనుకోండి. వాట్సాప్‌లో 2 జీబీ దాటితే పోదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే, ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీకి మించిన ఫైల్ ఎక్కదు. ఇలాంటప్పుడు బ్రౌజర్‌లోనే నడిచే పెయిర్‌డ్రాప్ అనే సైట్ చాలా మేలు. యాప్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు.

ల్యాప్‌టాప్‌నూ ఫోన్‌నూ ఒకే వైఫైకి కలిపి, రెండింటి క్రోమ్‌లోనూ పెయిర్‌డ్రాప్ డాట్ నెట్ తెరవండి. ఒక్కో పరికరానికి రంగు, జంతువు కలిసిన పేరొకటి వస్తుంది. అవతలి పేరు నొక్కి ఫైల్ ఎంచుకుంటే, అక్కడివాళ్లు ఒప్పుకోగానే మొదలవుతుంది. హాస్టల్ వైఫైలో ఎవరెవరివో పేర్లు కనిపిస్తాయి, సరిచూసుకునే నొక్కండి.

ఆ సైట్ రెండు పరికరాలనూ కలిపి పక్కకు తప్పుకుంటుంది. ఫైల్ మీ వైఫైలోనే నేరుగా, ఎన్‌క్రిప్ట్ అయి (వేరేవాళ్లు చదవలేని రూపంలో) వెళ్తుంది. అందుకే నెట్ ప్యాక్ కంటే రౌటర్ ముఖ్యం. సెకనుకు 10 ఎంబీ వస్తే 6 జీబీకి 10 నిమిషాలు, 3 ఎంబీయే వస్తే అరగంట దాటుతుంది. రెండు పరికరాలనూ 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చి రౌటర్ దగ్గర పెట్టండి.

పేరే కనిపించలేదా? ఒకటి మొబైల్ డేటాలోనో వీపీఎన్‌లోనో ఉండుంటుంది. అది ఆపండి, లేదా 6 అంకెల కోడ్‌తో జత చేయండి. అయితే వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య కోడ్‌తో పంపితే ఇద్దరి డేటా ఖర్చవుతుంది, రోజుకు 2 జీబీ ప్యాక్‌తో కుదరదు. పేరు కనిపించి కూడా ఫైల్ కదలకపోతే, ఆ వైఫై పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వడం లేదన్నమాట. గెస్ట్ వైఫైల్లో ఇది మామూలే. మూడో ఫోన్ హాట్‌స్పాట్‌కు రెండింటినీ కలిపి చూడండి.

ఫోన్ స్క్రీన్ ఆరిపోవడం వల్ల కూడా చెడొచ్చు. స్క్రీన్ ఆరితే బ్రౌజర్ నిద్రపోయి, పంపడం ఆగిపోవచ్చు. టైమవుట్ పెంచండి, మధ్యలో వేరే యాప్‌లోకి వెళ్లకండి. అందుకునే ఫోన్‌లో ఫైల్ సైజుకు రెండింతలు ఖాళీ ఉంచండి. ఐఫోన్‌కైతే బ్రౌజర్ మెమరీ చాలక ఒకేసారి 200 ఎంబీ దాకానే పోతుంది, ఇంత పెద్ద వీడియో ఎక్కదు. మిగతా ఫోన్లకు తేలిగ్గా పోవాలంటే స్టూడియోవాళ్లనే లగ్గం, రిసెప్షన్ వేర్వేరు ఫైళ్లుగా ఇమ్మనండి.

వచ్చిన ఫైల్ సైజు అసలుతో సరిపోలి, చివరి నిమిషం దాకా ఆడితేనే పాతది తీసేయండి.