మన చేతి రేడియో - నాలుగవ పాఠం: పెట్టె తయారీ

మూడవ పాఠం ముగిసేసరికి టీఈఏ5767 ఎఫ్‌ఎం మాడ్యూలు, దాన్ని నడిపే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డు, పీఏఎం8403 యాంప్లిఫయరు, లిథియం సెల్లు బల్ల మీద తీగలతో ముడిపడి పాట వినిపిస్తున్నాయి. ఈ పాఠంలో వాటన్నిటికీ 3డి ప్రింటరుతో ఇల్లు కడదాం. సామాన్లను కప్పే డబ్బాగా మాత్రమే పెట్టెను చూసేవారు తొందరపడతారు. నిజానికి రేడియో స్వరంలో సగం భాగం పెట్టెదే.

రూపానికి నేను ఎంచుకున్న ఆదర్శం 1954లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన రీజెన్సీ టీఆర్-1. అరచేతిలో ఇమిడే ఆ ట్రాన్సిస్టరు ముఖం మీద గుండ్రని డయలు, దానికి తోడుగా స్పీకరు జాలీ తప్ప వేరే అలంకారం లేదు. మన పెట్టె అంత చిన్నది కానక్కరలేదు. 160 మి.మీ. పొడవు, 95 మి.మీ. ఎత్తు, 50 మి.మీ. లోతు పెట్టుకుంటే మామూలు ప్రింటరు బల్ల మీద హాయిగా పడుతుంది.

ప్లాస్టిక్ విషయంలో ఒక అనుభవం చెప్పాలి. నా మొదటి పెట్టెను పీఎల్‌ఏ అనే ప్రింటరు ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసి మే నెల మధ్యాహ్నం మూసిన కారు డాష్‌బోర్డు మీద వదిలేశాను. సాయంత్రానికి మూత అంచులు పైకి లేచి, వీడిన అట్టలా తయారైంది. పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మన ఎండలో మూసిన కారు లోపల ఆ వేడి సులభంగా వస్తుంది. సుమారు 80 డిగ్రీల వరకు గట్టిగా నిలిచే పీఈటీజీ అనే ప్లాస్టిక్ వాడండి.

ముందు పలకను 3 మి.మీ. మందంతో, ముఖభాగం ప్రింటరు బల్లకు ఆనేలా బోర్లా పడుకోబెట్టి ప్రింట్ చేయాలి. అప్పుడు బయటికి కనిపించే వైపు నునుపుగా వస్తుంది, ప్రింట్ నిలవడానికి తాత్కాలికంగా పోసే ఆధారాలు తీసిన మచ్చలూ ఉండవు. స్పీకరు ఎదుట 2 మి.మీ. వెడల్పు చీలికలు, వాటి మధ్య 2 మి.మీ. కడ్డీలు ఉంచితే దాదాపు సగం తెరుచుకుని శబ్దం స్వేచ్ఛగా బయటికి వస్తుంది.

ఇక స్పీకరును కూర్చోబెట్టడం, ఈ పాఠానికి ఆయువుపట్టు. స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండు అలలూ అంచు సందులోంచి కలిశాయంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, గొంతులోని బరువంతా పోయి, రేకు డబ్బాలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. అందుకే స్పీకరు అంచుకీ పలకకీ మధ్య ఖాళీ మిగలకూడదు. పాత సైకిలు ట్యూబును ఉంగరంలా కత్తిరించి అక్కడ పెట్టండి. నా దృష్టిలో ఇంతకన్నా మంచి గాస్కెట్ కొన్నా దొరకదు. మరలు బిగించేటప్పుడు ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒక పక్కే ముందు బిగిస్తే చట్రం వంగి, మృదంగం మోగినప్పుడల్లా బురబురమంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నా ఆ శబ్దం వస్తుంటే, కోనుకు తగులుతున్న తీగ ఏదైనా ఉందేమో చూడండి.

డయలు గీయడానికి కొంచెం లెక్క కావాలి. 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు మన పరిధి 20.5. స్టేషను మార్చడానికి తిప్పే పొటెన్షియోమీటరు (తిప్పితే విలువ మారే రెసిస్టరు) 270 డిగ్రీలు తిరుగుతుందనుకుంటే ఒక మెగాహెర్ట్జ్‌కు 13.2 డిగ్రీలు వస్తాయి. హైదరాబాదు శ్రోతలకు తెలిసిన ఆకాశవాణి రెయిన్‌బో 101.9 గీత మొదటి నుంచి 190 డిగ్రీల దగ్గర, వివిధ భారతి 102.8 గీత దాదాపు 201 డిగ్రీల దగ్గర పడతాయి. 30 మి.మీ. వ్యాసార్ధం గల డయలు మీద ఈ రెంటి మధ్య దూరం 6 మి.మీ. మాత్రమే, కాబట్టి వేళ్ళకు పట్టు దొరికేలా, దాన్ని తిప్పే గుండ్రని మీట వ్యాసం 40 మి.మీ. ఉంచండి. మీ పొటెన్షియోమీటరు నిజంగా ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో కోణమానినితో కొలిచిన తరువాతే గీతలు గీయాలి. దాని షాఫ్ట్ (తిరిగే కడ్డీ) 6 మి.మీ. అయితే మీట రంధ్రం 6.2 ఉంచాలి, ఎందుకంటే ప్రింటరు రంధ్రాలను కొంచెం ఇరుకుగానే పోస్తుంది. మొత్తం మీట వేసేముందు ఆ రంధ్రం ఉన్న చిన్న ముక్కను ఒక్కదాన్ని ప్రింట్ చేసి సరిచూసుకుంటే గంటలూ ప్లాస్టిక్కూ మిగులుతాయి.

సాగే ఏరియలును 75 సెం.మీ. వరకు లాగగలిగేది కొనండి. 100 మెగాహెర్ట్జ్ అల పొడవు 3 మీటర్లు, అందులో నాలుగో వంతు అది. దాని పీఠాన్ని మాత్రం పడుకోబెట్టి ప్రింట్ చేయాలి. నిలబెట్టి పోస్తే పొరల మధ్య చీలి, ఏరియలు లాగిన మూడో రోజే విరిగిపోతుంది.

చార్జింగ్ బోర్డును పెట్టె గోడకు ఆనించవద్దు. 5 వోల్టుల నుంచి 3.7 వోల్టుల సెల్లుకు 1 ఆంపియరు పంపితే 1.3 వాట్లు వేడిగా పోతాయి. ఈ బోర్డు (టీపీ4056) మీద చార్జింగ్ కరెంటును నిర్ణయించే రెసిస్టరును 1.2 కిలో ఓముల నుంచి 2 కిలో ఓములకు మార్చితే కరెంటు 580 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది, పెట్టెకూ సెల్లుకూ అది మేలు. సెల్లుకు విడిగా ఒక గది కట్టి, బోర్డు పైన గాలి పోవడానికి నాలుగు చీలికలు వదలండి.

వచ్చే పాఠానికి ముందు పలక, మీట, ఏరియలు పీఠం ప్రింట్ చేసి, జిగురు పెట్టకుండా మరలతోనే కూర్చి ఉంచండి. డయలు చివర స్టేషను అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపిస్తే పెట్టెను విప్పనక్కరలేదు. దాన్ని ఐదవ పాఠంలో ప్రోగ్రాములో సరిచేద్దాం.