పెళ్లి ఫోటోల కంప్యూటర్: ర్యామ్ నత్తనడక, రెయిడ్ మాయం

ముహూర్తాలు మొదలైతే తిరుపతిలో ఫోటో స్టూడియోల కంప్యూటర్లకు కునుకుండదు. నా బెంచీ మీదికి మెషీన్లు వచ్చేదీ అప్పుడే. చాలాసార్లు తప్పు మదర్‌బోర్డు కొన్న రోజునే జరిగిపోయి ఉంటుంది.

సమస్య: 16 జీబీ ర్యామ్ ఉన్నా ఎడిటింగ్ ఈడుస్తోంది.

కారణం: ఉన్నది ఒకే ర్యామ్ స్టిక్, లేదా రెండింటినీ ఒకే ఛానెల్ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) స్లాట్లలో గుచ్చారు. డీడీఆర్4-3200 రకం ర్యామ్‌లో ఒక ఛానెల్ సెకనుకు 25.6 జీబీ మోస్తుంది, రెండూ కలిస్తే 51.2. గ్రాఫిక్స్ కార్డు విడిగా లేని మెషీన్‌కు ఈ తేడా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే బొమ్మ గీసే పనికి కూడా ఈ ర్యామే వాడుకుంటుంది.

పరిష్కారం: సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో (కంప్యూటర్ లోపలి వివరాలు చూపిస్తుంది) మెమరీ ట్యాబ్ చూడండి. సింగిల్ అని ఉంటే స్టిక్కులు మార్చాలి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టాలి. తరువాతి తరం ర్యామ్ డీడీఆర్5 దగ్గర మోసపోవద్దు. ఒక్క స్టిక్కే రెండు 32 బిట్ల ముక్కలుగా పనిచేస్తుంది కాబట్టి అక్కడ నాలుగు 32లు కనపడితేనే రెండు ఛానెళ్లూ నడుస్తున్నట్టు. చివరగా బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగులు) ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి, ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్ అది. లేకపోతే 3200 అని రాసున్న స్టిక్కు కూడా తక్కువ వేగంతో నడవొచ్చు.

సమస్య: బయోస్‌లో రెయిడ్ (రెండు మూడు డిస్కులను జట్టుగా నడిపే పద్ధతి) ఆప్షనే లేదు.

కారణం: చిప్‌సెట్, అంటే మదర్‌బోర్డులో ఏయే సదుపాయాలు ఉంటాయో తేల్చే చిప్. ఇంటెల్ హెచ్610కి రెయిడ్ లేదు. బోర్డు మీద నాలుగు సాటా (హార్డ్ డిస్కు కేబుల్) పోర్టులు ఉన్నంత మాత్రాన వచ్చేయదు.

పరిష్కారం: విండోస్‌లోనే ఉండే స్టోరేజ్ స్పేసెస్‌తో మిర్రర్ (రెండు డిస్కుల్లో ఒకే కాపీ) పెట్టుకోవచ్చు, స్టూడియో పనికి సరిపోతుంది. బోర్డే మార్చేటట్టయితే ఇంటెల్‌లో బీ660, ఏఎండీలో బీ550 చూడండి. బీ550లో సాటా డిస్కులకు రెయిడ్ రకాల్లో 0, 1, 10 మాత్రమే, 5 ఉండదు.

సమస్య: "అన్నా, నిన్నటి దాకా ఉన్న రెయిడ్ పొద్దున కనపడలేదన్నా!"

ఈ ఫోన్ వస్తే నేను మొదట అడిగేది ఒకటే: "ఏమైనా నొక్కినావా?"

కారణం: ఎక్కువగా మూడు వోల్టుల సీఆర్2032 బిళ్ల బ్యాటరీ. అది అయిపోయాక రాత్రి కరెంటు పోతే బయోస్ మొదటికొస్తుంది, సాటా మోడ్ మళ్లీ ఏహెచ్‌సీఐ (డిస్కులను విడివిడిగా చూసే మోడ్) అవుతుంది. డిస్కుల్లో డేటా అలాగే ఉంటుంది, రెయిడ్ వివరాలు కూడా డిస్కుల మీదే రాసి ఉంటాయి. కొంప మునిగేది తరువాతే. విండోస్ డిస్కు ఇనిషియలైజ్ (కొత్త డిస్కులా సిద్ధం) చేయమంటుంది, కంగారులో ఓకే కొట్టేస్తారు. లేదా రెయిడ్ మెనూలోకి పోయి కొత్త అర్రే (డిస్కుల జట్టు) తయారుచేస్తారు. రెండూ వద్దు.

పరిష్కారం: మెషీన్ ఆపండి. బ్యాటరీ మార్చి, బయోస్‌లో రెయిడ్ మోడ్ పెట్టి సేవ్ చేయండి. చాలాసార్లు అర్రే తనంతట తనే తిరిగొస్తుంది. మిర్రర్ డిగ్రేడెడ్ (జట్టులో ఒక డిస్కు తప్పింది) అని చూపిస్తే ముందు ఫోటోలు వేరే డిస్కులోకి కాపీ తీసి, ఆ తరువాతే రీబిల్డ్ (ఆ డిస్కులో కాపీ మళ్లీ నింపడం). 4 టీబీ డిస్కు సెకనుకు 150 ఎంబీ చొప్పున చదివినా ఏడు గంటల పైమాటే, యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు.

సమస్య: ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మార్చగానే నీలి తెర.

విండోస్‌కు రెయిడ్ డ్రైవర్ ఇంకా తెలియదు. పాత మోడ్‌కు వెళ్లి, విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అని వెతికి తెరిచి, అందులో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్ మార్చండి. ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరుచుకున్నాక టిక్ తీసేయండి.

సమస్య: కొత్త ఎం.2 (బోర్డులో నేరుగా గుచ్చే చిన్న ఎస్‌ఎస్‌డీ) పెట్టాక ఒక హార్డ్ డిస్కు కనపడటం లేదు.

చాలా బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్, కొన్ని సాటా పోర్టులు ఒకే దారి పంచుకుంటాయి. కేబుల్‌ను వేరే పోర్టుకు మార్చండి. బోర్డు కొనడానికి చెన్నై రిచీ స్ట్రీట్‌కు (ఎలక్ట్రానిక్స్ అంగళ్ల వీధి) బండెక్కే ముందే ఆ బోర్డు మాన్యువల్ దించుకుని, ఈ పంపకం రాసున్న పేజీ చూసుకుంటే తిరుగుప్రయాణం చార్జీ మిగులుతుంది. అంగట్లో అడిగితే మాత్రం "అన్నీ వస్తాయి సార్" అనే అంటారు.