వీడియో ఫిజియోథెరపీకి ఫోను ఎక్కడ పెట్టాలి?

పక్షవాతం నుంచి కోలుకుంటున్న మా నాన్నగారికి ఫిజియోథెరపిస్టు వీడియో కాల్‌లో వ్యాయామాలు చేయించేటప్పుడు, నేను ఫోను పట్టుకుని నిలబడితే చేయి కనిపించినప్పుడు భుజం కనిపించేది కాదు. "కాస్త వెనక్కి జరగండి" అన్న మాటతోనే సగం సమయం గడిచిపోయేది.

ఇప్పుడు చక్రాలు లేని కుర్చీని గోడకు ఆనించి, దాని కాళ్లున్న చోట నేలమీద టేపు ముక్కలు అంటించాను. అక్కడికి సుమారు 2 మీటర్ల దూరంలో, కూర్చున్నవారి ఛాతీ ఎత్తుకు వచ్చేలా స్టూలు మీద పుస్తకాలు పేర్చి, ఫోనును అడ్డంగా నిలబెడుతున్నాను. దాన్ని సరిగ్గా ఎదురుగా కాక, బలహీనమైన చేయి ఉన్న వైపుకు కొంత ఏటవాలుగా పెట్టడమే ఇందులో అసలు కిటుకు. చేయి చాచమన్నప్పుడు మోచేయి సాగకుండా నడుము ముందుకు వంగిపోతుంది. ఎదురు నుంచి చూస్తే అది అంతగా తెలియదు, పక్కనుంచి అయితే వెంటనే పట్టుబడుతుంది. చొక్కా చేతిని మోచేతి పైకి మడవాలి, కిటికీ వెలుతురు వెనకనుంచి పడకూడదు. ఫోను పట్టుకునే పని తప్పింది కనుక, ఆ మనిషి బలహీనమైన వైపున, చేయి అందేంత దగ్గరలో నిలబడవచ్చు.

అయితే కొందరికి, ముఖ్యంగా మెదడు కుడిభాగం దెబ్బతిన్నవారికి, ఎడమవైపు ఉన్నవాటిమీద ధ్యాస నిలవదు. అటువంటివారు ఆ వైపున పెట్టిన తెరను గమనించలేరు కనుక, ఫోను స్థానాన్ని థెరపిస్టునే అడిగి నిర్ణయించుకోవాలి.